ఆంగ్లపదములకు నిర్వచనము: ఇంటిభాష చేయగల సాయము

ప్రతి సంవత్సరము జూను మాసమున పాఠశాల తెఱచిన తొలి వారములో మా యొద్దకు వచ్చు తల్లిదండ్రులు పలువురు ఒకే ప్రశ్నను వేయుచుందురు. "మా వానికి ఇంగ్లీషు మాటలు చాలకున్నవి. పై తరగతి పుస్తకము చేతికిచ్చినచో పుటకు పది మాటల యొద్ద ఆగిపోవుచున్నాడు. తెలుగు మాన్పించి ఆ గంటను గూడ ఇంగ్లీషునకే యిప్పించినచో బాగుపడడా?" అని. ఈ ప్రశ్న వెనుకనున్న భయము మాకు తెలియనిది కాదు. తరతరములుగా చెన్నపట్టణమున స్థిరపడిన మన కుటుంబముల పిల్లలు ఇంట తెలుగు, వీధిలో తమిళము, బడిలో ఆంగ్లము మాటలాడుచు పెరుగుచున్నారు. మూడు మూటలలో ఒకటి దించినచో తక్కిన రెండును తేలిక యగునని తలంచుట సహజమే. కాని మా తరగతులలో మేము చూచినంతవఱకు సంగతి వేఱుగా నున్నది. ఆంగ్లమున కఠినపదములను నేర్చుటకు తెలుగు అడ్డు వచ్చుట లేదు. మాట యొక్క నిర్వచనమును పిల్లవాడు నిజముగా గ్రహించెనా లేదా యని పరీక్షించుటకు ఇంటిలో నున్న సాధనము తెలుగొక్కటియే. అది యెట్లో వివరింప దలచితిమి.

మొదట పిల్లల నోటుపుస్తకములను చూడుడు. ఎడమ వైపున ఆంగ్లపదము, కుడి వైపున ఒక తెలుగుమాట. 'ఎథిక్స్' అనగా నీతి. నాలుగు పంక్తుల క్రింద 'మోరల్' అనగా నీతి. మఱుసటి పుటలో 'పాలసీ' అనగా నీతి. ఈ మూడింటిని ఒప్పజెప్పిన పిల్లవానికి మూడు మాటలు వచ్చినవందుమా, ఒక్కటి వచ్చినదందుమా? 'రెస్పెక్ట్', 'ఆనర్', 'డిగ్నిటీ' అనువానికి మూడింటికిని 'గౌరవము' అని వ్రాసికొన్న పుస్తకమును గూడ మేము చూచితిమి. నేడు చేతిలోని ఫోనులోనే నిఘంటువు దొరకుచున్నది గావున ఈ అలవాటు మఱింత ముదిరినది. మాట కొట్టినంతనే ఒక ప్రతిపదము కనబడును. అంతటితో పని ముగిసినదని పిల్లవాడు తలంచును.

ఆంగ్లనిర్వచనమునే యథాతథముగా కంఠస్థము చేయించినచో దోషము తీఱునని కొందఱందురు. తీఱదు. అమెరికాలో జార్జి మిల్లరు, పెట్రీషియా గిల్డియా అను మనశ్శాస్త్రజ్ఞులిరువురు పిల్లలు మాటలు నేర్చు తీరును గూర్చి 1987లో ఒక వ్యాసమును ప్రకటించిరి. పది పదునొకండేండ్ల పిల్లలకు నిఘంటువునిచ్చి, తెలియని మాటను వెదకి దానితో వాక్యము వ్రాయుమన్నప్పుడు కలిగిన చిత్రములు అందు వర్ణింపబడినవి. 'ఇరోడ్' అను మాటకు, అనగా నీరో గాలియో కొంచెము కొంచెముగా కోసివేయుట యనుదానికి, నిఘంటువులో 'తినివేయు' నను అర్థమిచ్చు ఆంగ్లపదములుండెను. అందు తినుట యన్నది మాత్రము పట్టుకొని, తమ కుటుంబము తఱచుగా 'ఇరోడ్' చేయునని ఒక బిడ్డ వ్రాసినది! హోటలుకు పోయి భోజనము చేయుదుమని ఆమె భావము. ఆ పిల్లలకు ఆంగ్లము తల్లిభాషయే. అట్టివారికే యిట్లయినప్పుడు మన పిల్లలను నవ్వుటకు మనకు హక్కులేదు. నిర్వచనమును చదువుట వేఱు, దానిని గ్రహించుట వేఱు.

నిర్వచనమనగా నేమి? ఒక మాట యెంతవఱకు చెల్లునో, ఎచటినుండి చెల్లదో తెలుపు పొలిమేర. మన తర్కశాస్త్రమున దీనినే లక్షణమందురు. తర్కసంగ్రహకర్తయైన అన్నంభట్టు ఆంధ్రుడే. ఆయన తన గ్రంథమునకు తానే వ్రాసికొన్న దీపిక యను వ్యాఖ్యలో, లక్షణమునకు మూడు దోషములు కలవని చెప్పి, ఆవును ఉదాహరణముగా జూపినాడు. ఆవనగా కపిలవర్ణము గలది యన్నచో తెల్లయావు తప్పిపోవును, ఇది అవ్యాప్తి. కొమ్ములు గలది యన్నచో ఎనుమును వచ్చి చేరును, ఇది అతివ్యాప్తి. చీలని గిట్ట గలది యన్నచో ఏ యావునకును చెల్లదు, ఇది అసంభవము. మెడక్రింద గంగడోలు గలది యన్నప్పుడు లక్షణము సరిపడినదని పెద్దల మతము. మూడువందల యేండ్లకు పైబడిన ఈ పాఠము, నేడు ఆఱవ తరగతి బాలుని ఆంగ్లపుస్తకమునకు ఎంత చక్కగా పనికివచ్చునో చెప్పజాలము.

'ఆర్ఫన్' అనగా నేమని తరగతిలో నడిగితిమి. "బీదపిల్లవాడు" అని సగముమంది చేతులెత్తిరి. కథలలో వారు చూచిన అనాథలందఱును బీదలే గదా! మేము వారిని తప్పనలేదు. రెండు ప్రశ్నలు మాత్రము వేసితిమి. తల్లిదండ్రులు గతించి, వారి ఆస్తి మిగిలిన ధనవంతుల బిడ్డ ఎవరు? తల్లిదండ్రులు బ్రతికియుండి కూటికి లేని బిడ్డ ఎవరు? మొదటివాడు వారి నిర్వచనములో చేరకపోయెను. రెండవవాడు చేరరాకయే చేరెను. ఒకే నిర్వచనమున అవ్యాప్తియు అతివ్యాప్తియు రెండును బయటపడినవి. ఆ దినమున 'ఆర్ఫన్' అను మాటను మఱచినవారు ఆ తరగతిలో లేరు. ఈ సంభాషణ యంతయు తెలుగుననే జరిగినదని వేఱుగ చెప్పవలయునా?

ఇట్టిదే మఱియొక సంగతి ఒక ఇంట జరిగినది. ఏడవ తరగతి బాలిక 'ప్రొక్రాస్టినేట్' అను మాటను నేర్చుకొని, రాత్రి భోజనముల వేళ "పని వాయిదా వేయడము" అని చెప్పినదట. ఆమె అవ్వకు ఆంగ్లాక్షరము రాదు. అయినను వెంటనే, "మొన్న పెద్దవాన కురిసి తిరుత్తణి ప్రయాణము నిలిపివేస్తిమే, అదీ ఆ మాటేనా అమ్మా?" అని యడిగెను. బాలికకు సమాధానము దొరకలేదు. మరల నిఘంటువు తెఱచి చూడగా, తప్పక చేయవలసిన పనిని మనసొల్లక, తగిన కారణము లేకయే వెనుకకు నెట్టుట యని తేలినది. "అట్లా చెప్పు. నేడు రేపు అనడము" అని అవ్వ తేల్చివేసినది. విశేషమేమనగా, ఆ ఆంగ్లపదమునకు మూలమైన లాటిను మాటలో 'రేపటి' అను అర్థమే యున్నది. అవ్వకు లాటిను వచ్చునా? రాదు. కాని సోమరితనమునకు రేపు అను సాకు అన్ని దేశములందును ఒక్కటియే గావున, తెలుగు నుడికారము లాటిను ధాతువును సూటిగా కలిసికొన్నది. మఱునాడు ఆ బాలిక పుస్తకమున వ్రాసికొన్న నిర్వచనము, మేము చెప్పగలిగిన దానికంటె బాగుగా నున్నది.

ఎట్టి నిఘంటువును కొనవలెనని కూడ తల్లిదండ్రులు అడుగుచుందురు. దీనికి ఉత్తరము చెప్పుటకు నిఘంటువుల చరిత్రము కొంత తెలియవలెను. ఆంగ్లమునకు ఆంగ్లముననే అర్థములు చెప్పిన తొలి నిఘంటువు 1604లో వెలువడినది. దానిని కూర్చిన రాబర్టు కాడ్రీ బడిపంతులుగా పనిచేసినవాడు. అందున్నవి సుమారు 2,500 మాటలు మాత్రమే. అవియు లాటిను, గ్రీకు, ఫ్రెంచి మున్నగు భాషలనుండి వచ్చిన కఠినపదములు. అనగా నిఘంటువు పుట్టినదే కఠినపదముల కొఱకు. తేలికమాటలకు నిర్వచన మక్కఱలేదని ఆ కాలపువారు తలంచిరి. 1755లో డాక్టరు జాన్సను నలువది వేలకు మించిన మాటలతో మహానిఘంటువును వెలువరించెను. ఆయన పాండిత్యము అపారము. కాని వల యల్లికను తెలుపు చిన్నమాటకు ఆయన వ్రాసిన నిర్వచనమున దానికంటె ఎన్నో రెట్లు కఠినములైన లాటినుమాటలు దూరినవి. వలను తెలిసినవాడును ఆ నిర్వచనము చదివి వలను గుర్తింపలేడని నేటికిని నవ్వుచుందురు.

ఈ చిక్కును విడదీసినవాడు మన దేశమున బడిపని చేసిన యొక ఆంగ్లేయుడు. మైకేలు వెస్టు అను నాతడు ఢాకాలో ఉపాధ్యాయశిక్షణ కళాశాలను నడపుచు, వంగదేశపు పిల్లలు ఆంగ్లము చదువుటకు పడు శ్రమను కన్నులార చూచెను. 1935లో ఆయన వెలువరించిన నిఘంటువున సుమారు 24,000 పదములకును పదబంధములకును కేవలము 1,490 మాటలతోనే నిర్వచనములు వ్రాయబడినవి. ఆ కొలది మాటలు వచ్చిన పిల్లవాడు తక్కిన వాని నన్నిటిని తానే తెలిసికొనవచ్చును. పిదప జపానులో ఆంగ్లము బోధించిన హార్న్‌బీ 1942లో టోకియోలో ఒక నిఘంటువును ప్రకటించగా, ఆక్స్‌ఫర్డువారు దానిని 1948లో తిరిగి ముద్రించిరి. మన యిండ్లలో నేడు కనబడు ఆక్స్‌ఫర్డు అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ నిఘంటువు దాని సంతతియే. 1987లో సింక్లెయరు పండితుని సంపాదకత్వమున వెలువడిన కోబిల్డ్ నిఘంటువు మఱియొక అడుగు ముందునకు వేసి, మాటను వాక్యమున నిలిపియే నిర్వచించినది. కావున మేము చెప్పునది ఇంతే: అన్యభాషగా ఆంగ్లము నేర్చువారికై, పరిమితమైన మాటలతో, ఉదాహరణవాక్యములతో కూర్చిన నిఘంటువును కొనుడు. బహుమతిగా వచ్చిన బంగారు అంచుల పెద్ద నిఘంటువు అలమరలో నుండవచ్చును; అది అచటనే బాగుండును.

ఆంగ్లము - తెలుగు నిఘంటువును పాఱవేయుమని మేము చెప్పుట లేదు. శంకరనారాయణ నిఘంటువు మన తాతల నాటినుండి ఈ పట్టణపు ఇండ్లలో నున్నది. బ్రౌను దొర తెలుగు - ఆంగ్ల నిఘంటువు 1852లో ఈ చెన్నపట్టణముననే అచ్చయినది. ఆయన మన భాషను నేర్చుటకు మాటకు మాట వ్రాసికొని ఊరకుండలేదు. ఆ మాట కావ్యములలో ఎట్లు వాడబడెనో, జనుల నోట ఎట్లు వినబడునో పండితుల సాయముతో వెదకి ఉదాహరణములతో వ్రాసెను. అన్యభాషను అంత శ్రద్ధతో నేర్చినవాని మార్గమే మన పిల్లలకును మార్గము. తెలుగు ప్రతిపదము చూచుట మొదటి మెట్టు, దానిపైననే కూర్చుండరాదు.

ఇక ధాతువుల సంగతి. ఇచట మన పిల్లలకున్న అనుకూలత ఎక్కువ. లాటినున 'చూచు' అను అర్థము గల యొక ధాతువునుండి ఆంగ్లమునకు పెద్ద కుటుంబము వచ్చినది. లోనికి చూచుట 'ఇన్‌స్పెక్ట్'. వెనుకకు చూచుట 'రెట్రోస్పెక్ట్'. చుట్టును చూచి అడుగు వేయువాడు 'సర్కమ్‌స్పెక్ట్'. ఊరక చూచువాడు 'స్పెక్టేటర్'. దీనిని విన్న పిల్లలు ఆశ్చర్యపడుదురు. కాని తెలుగు చదివినవానికి ఇది క్రొత్తది కాదు. సంస్కృతమున 'ఈక్ష్' అను ధాతువునకును చూచుట యనియే అర్థము. చుట్టును చూచుట పరీక్ష. చక్కగా చూచుట సమీక్ష. రాకకై ఎదురుచూచుట ప్రతీక్ష. చూచియు చూడనట్లుండుట ఉపేక్ష. 'సర్కమ్‌స్పెక్ట్' అను మాటకు మూలమైన రెండు ముక్కలును, 'పరీక్ష' యను మాటకు మూలమైన రెండు ముక్కలును అర్థమున ఒక్కటియే! సుజనుడు, దుర్జనుడు అను జంట తెలిసిన బిడ్డకు 'బెనివలెంట్', 'మలెవలెంట్' అను జంటను చెప్పుటకు ఎంతసేపు పట్టును? మేలు కోరువాడు, కీడు కోరువాడు. ఉపసర్గ చేరిన కొలదియు ధాతువు అర్థము మాఱునన్న సూక్ష్మమును తెలుగు తరగతిలోనే మేము నేర్పుచున్నాము. ఆ గంటను తీసివేసినచో ఆంగ్లపు గంటలో దానిని మొదటినుండి నేర్పవలసివచ్చును; అపుడు లాభమేమి?

అయినను ధాతువును గ్రుడ్డిగా నమ్మరాదు. 'మాన్యుఫాక్చర్' అనుదానిలో చేతితో చేయుట యను అర్థమున్నది. నేడు యంత్రము చేసినదానికే ఆ మాట చెల్లుచున్నది. 'నైస్' అను మెచ్చుకోలు మాట, 'తెలియనివాడు' అను అర్థము గల లాటినుమాటనుండి పుట్టినది. మన ప్రవీణుడు మాత్రము? వీణలో నేర్పరి యని మూలార్థము చెప్పుదురు గాని, నేడు వంటలో ప్రవీణులును కలరు, లెక్కలలో ప్రవీణులును కలరు. ధాతువు జ్ఞాపకమునకు సాయము. తీర్పు చెప్పునది నిర్వచనమే.

నిర్వచనమున పిల్లలు తఱచుగా విడిచిపెట్టునది మెచ్చుకోలు, నిందల భేదము. 'ఫేమస్' అన్నను 'నోటోరియస్' అన్నను ప్రసిద్ధుడే యని వారు వ్రాయుదురు. ఆపై గాంధీమహాత్ముని 'నోటోరియస్' అని వ్యాసమున వ్రాసి గురువులను భయపెట్టుదురు. తెలుగున ప్రసిద్ధుడైన కవి అందుము. పేరుమోసిన దొంగ అందుము. కవిని పేరుమోసినవాడన్నచో ఎంత యెబ్బెట్టుగా నుండునో పిల్లవాని చెవికి తెలియును. ఆ చెవినే ఆంగ్లమునకు అప్పగింపవలెను. 'ఫ్రూగల్' పొదుపరి, 'స్టింజీ' పిసినారి. ఇద్దఱును డబ్బు విడువనివారే గాని, ఒకరికి బిడ్డనిత్తుము, ఒకరి గడప తొక్కము.

భాషలు వస్తువులను పంచుకొను తీరును వేఱు వేఱుగానే యుండును. పొలములో వడ్లు, మూటలో బియ్యము, విస్తరిలో అన్నము. ఆంగ్లమున మూడును 'రైస్'. పెదనాన్న కొడుకు, మేనత్త కూతురు, బావ, మఱదలు అందఱును 'కజిన్' అను ఒక్క మాటలో దాగుదురు. ఇచట మన భాష సన్నము, వారి భాష లావు. మఱియొకచోట తలక్రిందులు: అద్దె యన్న మన యొక్క మాటకు, ఇంటికి ఒకటి, బండికి ఒకటి యని వారు వేఱు మాటలు వాడుదురు. అప్పిచ్చుట 'లెండ్', అప్పు పుచ్చుకొనుట 'బారో'. ఈ రెండింటిని తాఱుమాఱు చేయని బాలుని ఇంతవఱకు మేము చూడలేదు. ఇట్టివి పట్టిక వేసి వల్లింపరాదు. ఇంటి మాటలలో తగిలినప్పుడెల్ల ఒకటి రెండు చెప్పుకొన్న చాలును.

అడ్వాన్స్‌డ్ పదములన్నచో మూరెడు పొడవైన మాటలని కొందఱి భ్రమ. బంధువులు వచ్చినప్పుడు బాలుని పిలిచి, ఎవ్వరును ఎన్నడును వాడని మాటను ఒప్పజెప్పించుట మాకు సమ్మతము కాదు. చదువునకు నిజముగా కావలసినవి వేఱు. వెస్టు 1953లో ప్రకటించిన పట్టికలోని సుమారు రెండువేల సామాన్యపదములు పునాది. ఆపై న్యూజీలాండులో ఆవ్రిల్ కాక్స్‌హెడ్ అను విదుషి 2000 సంవత్సరమున శాస్త్రగ్రంథములను పరిశీలించి 570 పదకుటుంబముల పట్టికను కూర్చినది. ఉన్నతవిద్యాగ్రంథములలో నడచు మాటలలో ఇంచుమించు పదింట ఒకటి వీనిలోనిదే. 'అనలైజ్', 'అజ్యూమ్', 'డిరైవ్', 'ఇంటర్‌ప్రెట్' వంటివి. చూచుటకు ఆడంబరము లేదు. కాని ఇవి రానిచో భౌతికశాస్త్రమును, చరిత్రమును గూడ ముందునకు సాగవు. ఇవి యన్నియు కంటికి కనబడని భావములు గావున, బొమ్మ చూపి నేర్పుటకు వీలులేదు. నిర్వచనము తప్ప వేఱు దారి లేదు. ఆ నిర్వచనమును పిల్లవాడు తాను ఆలోచించు భాషలో విప్పిచెప్పుకొనక తప్పదు.

ఈ యేడు ఆఱవ తరగతినుండి పై పిల్లలకు మేము పెట్టించుచున్న పదపుస్తకమున వారమునకు అయిదు మాటలే యుండును. ఎక్కువ వలదని మేమే అడ్డుపడుచున్నాము. ప్రతి మాటకును ఒక పుట. మొదట ఆ మాట తగిలిన వాక్యము. ఊరక పట్టికనుండి తెచ్చిన మాటను అంగీకరింపము. పిదప నిఘంటువులోని నిర్వచనము. ఒక మాటకు అయిదారు అర్థములున్నచో, మొదటిది కాక ఆ వాక్యమునకు పొసగునది. దాని క్రింద తెలుగున పిల్లవాని సొంత నిర్వచనము. కడపట వాని సొంత ఆంగ్లవాక్యము. నేర్చినది మొదటి దినములలోనే త్వరగా జాఱిపోవునని జర్మనీ దేశీయుడైన ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే పరీక్షించి చూపెను గావున, అదే పుటను మఱునాడు, వారమునకు, నెలకు మరల తెఱపించుచున్నాము. ఒక సంవత్సరమున రెండువందల మాటలైనను నిలుచును. పట్టికను వల్లించి ఒక్క నెలలో అయిదువందలు నేర్చి దసరా సెలవులలో మఱచుటకంటె ఇది మేలు.

ఇందు తల్లిదండ్రుల పాలు పుట అడుగుభాగమున నున్నది. అచట 'ఇంటివారి ప్రశ్న' అని కొంత స్థలము విడిచితిమి. బిడ్డ తెలుగున చెప్పిన నిర్వచనమును విని మూడింటిలో నొకటి యడుగుడు: ఇది దేనిలో ఒక రకము? తక్కిన రకములనుండి దీనిని వేఱుచేయునదేమి? దీనివలెనే కనబడుచు, ఇది కానిది యేది? ప్రశ్న తెలుగున నుండవచ్చును. అంగడినుండి రాత్రి తొమ్మిదింటికి వచ్చు తండ్రులకు తీఱిక లేదని మాకు తెలియును. అట్టి యిండ్లలో తల్లియో, తాతయో, అవ్వయో అడిగిన చాలును. వ్రాయుట రానివారి ప్రశ్నను పిల్లవాడే వ్రాసి, అడిగినవారెవరో వరుసతో పేర్కొనవలెను. పదపుస్తకములను ప్రతి శుక్రవారము సాయంకాలము ఇంటికి పంపుదుము. సోమవారము ఉదయము తిరిగి రావలెను.